బందరు రేవు కడుతున్న వారికి ఒక బహిరంగ లేఖ

మచిలీపట్నం ఓడరేవు నిర్మాణ బాధ్యత చూస్తున్న అధికారులకు, మచిలీపట్నం నగరపాలక సంస్థ వారికి,

నమస్కారం.

ఈ రేవుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి శిలాఫలకం వేసిన ఏడాది పుట్టిన పిల్లలు ఈ రోజు కాలేజీ చదువుల్లో ఉన్నారు. ఇన్నేళ్ల ఎదురుచూపు తర్వాత సముద్రంలోకి రాతి గోడలు సాగుతుంటే, డ్రెడ్జర్లు ఇసుక తోడుతుంటే ఊరంతా సంతోషిస్తోంది. అందరితో పాటు నేనూ సంతోషిస్తున్నాను. రేవు వద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. రేవు కట్టే పనిలో బందరు చరిత్రకు కూడా చోటు ఇవ్వమని అడగడానికి రాస్తున్నాను. అలంకారంగా ఒక బొమ్మో, ఒక ఫలకమో పెట్టమని కాదు, మీ పని లెక్కల్లోనే దానికి చోటు ఇవ్వమని.

రేవు గురించి జరిగే ప్రతి సభలోనూ ‘బందరుకు పూర్వవైభవం’ అన్న మాట వినిపిస్తుంది. ఆ వైభవం ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎవరికి దక్కింది, ఎందుకు పోయింది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. కారణం తెలియకుండా పోయినదాన్ని తిరిగి తెస్తామంటే మళ్లీ అదే దారిన పోగొట్టుకుంటాం. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

పదిహేడో శతాబ్దంలో బందరు గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం. కుతుబ్‌షాహీల ఏలుబడిలోని నేత బట్టలు, వజ్రాలు, ఉక్కు ఇక్కడి నుంచే పారశీకానికి, ఎర్ర సముద్రపు రేవులకు, బర్మాలోని పెగూకు, సుమత్రాలోని ఆచేకు వెళ్లేవి. డచ్చివారు 1605లో వచ్చారు. వారికి కావలసింది తూర్పు దీవుల జాజికాయ, లవంగం. ఆ దీవులవారు ఆశించింది మన తీరపు బట్ట. బట్ట లేనిదే మసాలా దినుసులు చేతికి రావు కనుక ముందు బందరులో కొఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టుకున్నారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషువారు వచ్చారు. కోరమాండల్ తీరంలో వారి వ్యాపారానికి ఊపిరి పోసింది ఈ ఊరే. 1632లో గోల్కొండ సుల్తాను ఇచ్చిన బంగారు ఫర్మానాతో ఏడాదికి 500 వరహాలు కట్టి రాజ్యంలోని రేవులన్నిటిలో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకునే హక్కు సంపాదించారు. 1639లో చెన్నపట్నం స్థలాన్ని ఫ్రాన్సిస్ డే కుదిర్చినప్పుడు అతని పై అధికారి ఆండ్రూ కోగన్ ఉన్నది బందరు కొఠీలోనే. మదరాసు మహానగరం పుట్టింది బందరు నుంచి అంటే అతిశయోక్తి కాదు. ఆ తర్వాత రెండేళ్లకే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి తరలించుకుపోయింది. బందరు కథలో ఇలాంటి తరలింపులు చాలా ఉన్నాయి, ఇది మొదటిది.

ఆ వ్యాపారం నిలబడింది కలంకారీ బట్ట మీద. అది ఎలా తయారయ్యేదో చూడండి. ఎర్రటి రంగునిచ్చే చిరివేరు డెల్టా ఇసుక నేలల్లో పండేది. బట్టను ఉడికించి, ఉతికి, ఎండబెట్టి, కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో వారాల తరబడి ఊరబెడితే నల్ల రంగు తయారవుతుంది. ఎరుపు పడవలసిన చోట పటిక అద్దాలి. అద్దినప్పుడు ఆ చోట రంగేమీ కనిపించదు. తర్వాత బట్టను పారే నీటిలో జాడించి, ఎక్కువైన పటికను వదిలించి, రంగు వేరు వేసిన రాగి కాగులో మరిగిస్తే అప్పుడు ఎరుపు పైకి తేలుతుంది. నిలవ నీటిలో జాడిస్తే పటిక పక్కకు పాకి అచ్చు అంచులు చెదిరిపోతాయి. టేకు చెక్క మీద అచ్చు చెక్కేవారు, అద్దేవారు, కాగు దగ్గర నిలబడేవారు, కాలువలో దిగి జాడించేవారు, ఇంతమంది చేతులు పడితే గాని ఒక దుప్పటి పూర్తయ్యేది కాదు. ఈ పద్ధతి ఇప్పటికీ బందరు దగ్గరి పెడనలో బతికి ఉంది. చిరివేరు బదులు వేరే వేర్లు, చెక్కలు వాడుతున్నారు, కానీ ఆ వరస అదే, ఆ ఓర్పు అదే. బందరు కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. అద్దేవారికి కావలసిన పారే మంచినీరు మాత్రం ఏటికేడు కరువవుతోంది.

వైభవం అన్న మాట వాడేటప్పుడు దాని రెండో వైపు కూడా చూడాలి. ముందుగా బయానా ఇచ్చి నేతగాళ్లను అప్పులో కట్టిపడేసే పద్ధతి ఆ కొఠీలదే. కరువు వచ్చిన ఏళ్లలో ఈ తీరపు రేవుల నుంచి మనుషులనే కొని బానిసలుగా బటావియాకు (నేటి జకార్తాకు) తరలించారు. డచ్చి గోరీల మీద చెక్కిన వంశ చిహ్నాలు, పెద్ద పెద్ద అక్షరాలు పదిహేడో శతాబ్దం నుంచి అలాగే ఉన్నాయి. ఆ ఓడల్లో పోయినవారి పేర్లు ఎక్కడా చెక్కలేదు. మీరు ఎప్పుడైనా బందరులో చరిత్ర మ్యూజియం పెడితే, వారి కోసం కూడా ఒక గోడ ఉంచాలని నా కోరిక.

1686లో డచ్చివారు ఊరిని కొంతకాలం ఆక్రమించుకున్నారు. మరుసటి ఏడాది ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. కరువు, మహమ్మారి కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. రేవుకు వెనక అండగా నిలిచిన రాజ్యం పోవడంతో వర్తకులు మదరాసుకు తరలిపోయారు. ఫ్రెంచివారు 1750లో వచ్చి తొమ్మిదేళ్లు ఉన్నారు. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ సేన కోటను పట్టుకుంది. దాటలేరని ఫ్రెంచివారు నమ్మిన బురద నేల వైపు నుంచి కూడా ఒక దళం కదిలింది. దానితో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ బందరునూ చుట్టుపక్కల జిల్లాలనూ ఇంగ్లీషువారికి రాసి ఇచ్చాడు. కొద్ది ఏళ్లకే, 1766 నాటికి, ఉత్తర సర్కారులనే ఈ కోస్తా జిల్లాలు కంపెనీ కిందికి వెళ్లాయి. వలందపాలెం (డచ్చివారిది), పరాసుపేట (ఫ్రెంచివారిది), ఇంగ్లీషుపాలెం అని మనం రోజూ పలికే పేటల పేర్లలో ఆ ముగ్గురూ ఇంకా ఉన్నారు.

కంపెనీ రాజ్యమేలిన కాలంలో ఊరు బాగుపడిందా? ఇంగ్లండులోని లంకషైరు మిల్లుల అచ్చు బట్టలు మన కలంకారీ సంతలను ఒక్కొక్కటిగా మింగాయి. 1832-33లో డొక్కల కరువు గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను తుడిచిపెట్టింది. అన్ని ప్రాణాలు పోయాక గాని కృష్ణపై ఆనకట్ట ఆలోచన ముందుకు సాగలేదు. 1855లో ఆనకట్ట పూర్తయింది. బెజవాడ నుంచి బందరు దాకా కాలువ వచ్చింది, పడవలు నడిచాయి, పొలాలు పండాయి. అయితే రేవు అప్పటికే మేట వేసి లోతు తగ్గింది. పెద్ద ఓడలు తీరానికి మైళ్ల దూరంలో లంగరు వేసి, పడవల మీద సరుకు ఎక్కించుకోవలసి వచ్చేది.

ఇక 1864 నవంబరు 1 రాత్రి. తుపాను గాలికి సముద్రం మామూలు పోటు కన్నా 13 అడుగులు పైకి లేచి ఊరి మీద పడింది. ఆపడానికి ఎత్తయిన నేల ఎక్కడా లేదు. తీరం నుంచి మైళ్ల కొద్దీ లోపలికి నీరు వచ్చింది. సుమారు 30,000 మంది చనిపోయారు. ఈ సంఖ్యను దయచేసి ఒకసారి ఆగి చదవండి. అది యుద్ధంలో పోయిన లెక్క కాదు, ఒకే ఒక్క రాత్రి లెక్క. మిగిలినవారికి తాగడానికి నీరు లేదు, మంచినీటి చెరువుల్లోకి ఉప్పునీరు చేరింది. కోటలో ఉన్న సైన్యాన్ని ప్రభుత్వం ఆ తర్వాత ఎత్తేసింది. వెళ్లగలిగినవారు వెళ్లిపోయారు. బందరు ప్రజలు ఉండిపోయారు. 113 ఏళ్ల తర్వాత, 1977 నవంబరు 19న, అదే సముద్రం పక్కనే ఉన్న దివిసీమను ముంచి పది వేలకు పైగా ప్రాణాలు తీసుకుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు మంగినపూడి ఒడ్డున మళ్లీ ఏడుపులు వినిపించాయి.

ఉప్పెనలో మునిగిన రేవును రైలు కూడా పక్కన పెట్టింది. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన కట్టారు. సరుకు, జనం, ప్రభుత్వ కచేరీల ప్రాముఖ్యం అన్నీ ఆ కూడలికి మళ్లాయి. బందరుకు రైలు వచ్చేసరికి 1908. ఓడల వ్యాపారం కాకినాడ, విశాఖపట్నం వైపు పోయింది.

ఇక్కడే నా అసలు మాట చెబుతాను. మనం గర్వపడవలసిన బందరు పుట్టింది రేవు ఎండిపోయిన తర్వాతే. 1902లో కృష్ణా పత్రిక మొదలైంది, ముట్నూరి కృష్ణారావు చేతిలో అది ఆంధ్రదేశపు గొంతు అయింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. చదువుతో పాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం నేర్పిన బడి అది. ఈ ఊరి దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య అక్కడ పనిచేశారు. 1921లో బెజవాడలో ఆయన గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. 1923లో పట్టాభి ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వచ్చింది, ఈనాటి భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారానికి మూలం అదే. 1930లో కోనేరు సెంటరులో తోట నరసయ్య నాయుడు జెండా పట్టుకుని నిలబడితే పోలీసులు లాఠీలతో చావబాదారు. స్పృహ తప్పేదాకా ఆయన జెండా వదల్లేదు. ఓడలు రాని ఊరు, సైన్యం వదిలేసిన ఊరు, ఉప్పెన ముంచిన ఊరు ఇన్ని పనులు చేసింది. కంపెనీల కొఠీల కన్నా నాకు ఇదే పెద్ద వైభవం. దీనికి కారణం రేవు కాదు, మనుషులు. కనుక రేవు ఊరి కోసం ఉండాలి, ఊరు రేవు కోసం కాదు.

ఇంత చరిత్ర రాసింది మీ చేత కొన్ని పనులు చేయించుకోవడానికే.

అన్నిటి కన్నా ముఖ్యమైనది ఉప్పెన లెక్క. 1864 నాటి 13 అడుగులను రేవు రూపకల్పనలో, దాని పక్కన రాబోయే గోదాముల, పరిశ్రమల, కాలనీల నేల మట్టాల్లో ఎలా లెక్కలోకి తీసుకున్నారో తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యేలా ప్రకటించండి. రేవు వచ్చిందంటే దాని చుట్టూ పల్లపు నేలల్లో కూలీల ఇళ్లు వెలుస్తాయి. ఉప్పెన వస్తే ముందు మునిగేది వారే. వారికి తుపాను ఆశ్రయ భవనాలు ఎక్కడ కడతారు, నీరు వెనక్కి పోయే కాలువలను పూడ్చకుండా ఎవరు చూస్తారు, మడ చెట్లు ఎక్కడ పెంచుతారు, ఇవన్నీ మొదటి ఓడ రాకముందే తేలాలి. ఆ రాత్రి నీరు వచ్చిన ఎత్తును ఊరిలోని ప్రతి బడి గోడ మీద ఒక గీతగా గీయించండి. దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ఆ గీత తమ తల కన్నా ఎంత పైన ఉందో చూసిన పిల్లవాడికి తుపాను హెచ్చరిక అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

తర్వాతది ఇసుక సంగతి. తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తీసుకుపోతాయి. సముద్రంలోకి గోడ కడితే దానికి దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. మదరాసు హార్బరు కట్టిన తర్వాత మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు మత్స్యకారుల వాడలను సముద్రం తింటూ పోయింది. మన రేవుకు ఉత్తరాన ఉన్న పల్లెలకు అదే జరగకూడదు. తీరం ఏ ఏడాది ఎంత ముందుకు వచ్చింది, ఎంత వెనక్కి పోయింది అన్న కొలతలు ఏటా బయట పెట్టండి. ఇసుకను ఆ వైపుకు తోడి పోసే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయండి. పడవలు సముద్రంలోకి వెళ్లే గిలకలదిండి మొగ పూడిపోయి, మర పడవలు పోటు కోసం గంటల తరబడి ఆగే కష్టం మన మత్స్యకారులకు కొత్త కాదు. సముద్రంలో ఎక్కడ మేట వేస్తుందో, ఏ కాలంలో నీరు ఎటు లాగుతుందో వారికి తెలిసినంత ఎవరికీ తెలియదు. మీ సమావేశాల్లో వారిని ప్రేక్షకుల కుర్చీల్లో కాదు, మీ పక్కన కూర్చోబెట్టుకోండి.

బందరు కోట సంగతి ఇంకా ఆలస్యం చేయవద్దు. మూడు దేశాల జెండాలు చూసిన కోట అది. మిగిలిన ఆయుధాగారం గోడల్లో చెట్ల వేళ్లు దిగుతున్నాయి. కొత్త రేవు రోడ్లకు, ప్రహరీలకు ఎంతో రాయి తోలుతున్నారు. అందులో ఒక పాలు ఖర్చుతో ఈ కోటను శుభ్రం చేసి, గోడలు నిలబెట్టి, డచ్చి గోరీలతో కలిపి ఒక చరిత్ర ప్రాంగణంగా మార్చవచ్చు. పురావస్తు శాఖ వారితో కూర్చుని ఆ పని తేల్చండి. అక్కడ పెట్టే మ్యూజియంలో కొఠీల కథ సగం చాలు. మిగతా సగం చిరివేరు తవ్వినవారిది, అచ్చులు చెక్కినవారిది, ఉప్పెనలో పోయినవారిది, జాతీయ కళాశాలది, కృష్ణా పత్రికది కావాలి. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన ఆంధ్రా బ్యాంకు పుట్టిన ఊరు ఇదని చెప్పే గది కూడా ఒకటి ఉండాలి. ఆ బ్యాంకు బోర్డుతో పాటు అది పుట్టిన ఊరి పేరు కూడా మరుగున పడుతోంది.

పెడన అద్దకం వారి కోసం ప్రత్యేకంగా అడుగుతున్నాను. నాలుగు వందల ఏళ్ల కిందట ఓడలను ఈ తీరానికి రప్పించింది వారి పూర్వికుల చేతి పనే. ఈసారి రేవులో మొదటి విడతగా నాలుగు బెర్తులు వస్తున్నాయి. బొగ్గు, ఎరువులు, కంటెయినర్లు అంటున్నారు. ఆ కంటెయినర్లలో పెడన బట్టకు కూడా చోటు ఉండాలి. చిన్న అద్దకందారు తన పది బేళ్ల సరుకును దళారి లేకుండా విదేశానికి పంపుకునేలా రేవులోనే ఒక సహాయ కేంద్రం పెట్టండి. పారే నీరు లేనిదే కలంకారీ లేదని పైన చెప్పాను. రేవు పరిశ్రమలకు నీరు కేటాయించే రోజున కాలువ చివరన ఉన్న ఈ ఊళ్ల వాటా తగ్గించబోమని ముందే రాసి ఇవ్వండి.

ఉద్యోగాల మాట కూడా చెప్పాలి. 2022లో జిల్లా విడిపోయి విజయవాడ వేరే జిల్లా అయింది. పుణె నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మన ఊళ్లోనే ఆగుతుంది. ఆ రోడ్డు పట్టుకునే మన పిల్లలు ఉద్యోగాల కోసం హైదరాబాదు పోతున్నారు. క్రేను నడపడం, కస్టమ్స్ కాగితాలు, ఓడ మరమ్మతు, సరుకు లెక్కలు, ఈ పనులు నేర్పే కోర్సులు ఇక్కడి పాలిటెక్నిక్ కాలేజీల్లో ఇప్పుడే మొదలైతేనే రేవు తెరిచే నాటికి మనవాళ్లు చేతికి వస్తారు. లేకపోతే పనులు తెలిసినవారు బయటి నుంచి వస్తారు, భూములు ఇచ్చినవారి పిల్లలు గేటు దగ్గర కాపలా ఉద్యోగాలతో మిగులుతారు. ఒకప్పుడు చదువుతో పాటు చేతిపని నేర్పిన ఊరికి ఇది అడిగే హక్కు ఉంది.

ఈ విషయాల మీద కోనేరు సెంటరులోనో, జాతీయ కళాశాల ఆవరణలోనో ఒక బహిరంగ సభ పెట్టండి. ఉప్పెన మట్టాలు, తీరం కొలతలు, కోట మరమ్మతు ఖర్చు, నీటి కేటాయింపు, ఈ నాలుగింటి కాగితాలు సభకు పదిహేను రోజుల ముందే తెలుగులో ప్రజలకు అందుబాటులో ఉంచండి. మత్స్యకార సంఘాల వారు, పెడన అద్దకందారులు, ఊరి అధ్యాపకులు చదువుకుని వచ్చి అడుగుతారు. మీరు జవాబు చెప్పండి. సభ తేదీ మీరు ప్రకటించగానే చరిత్రకు సంబంధించిన పాత రికార్డులు, పటాలు సేకరించే పనిలో నా వంతు నేను చేస్తాను. నాలాంటివారు ఈ ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు.

ఇట్లు,
బందరు పౌరుడు